జో ఆలివర్ బాకా

అమెరికా దేశమున, జార్జియా రాష్ట్రములో, సవానా యను రేవుపట్టణము కలదు. 1937వ సంవత్సరప్రాంతమున ఆ పట్టణములో బిలియర్డ్సు ఆటశాల నొకదానిని ఊడ్చి తుడిచి పొట్టపోసికొనుచుండిన నల్లజాతి వృద్ధు డొకడు న్యూయార్కునగరమున నున్న తన సోదరికి ఉత్తరములు వ్రాయుచుండెను. ప్రొద్దున 9 గంటలకు ఆటశాల తలుపులు తెఱచి అర్ధరాత్రమున మూయుట తన పని యనియు, పనిచేయు గంటలలో నాలవపా లైనను జీతముగా వచ్చినచో తనకు కొదవ యుండదనియు నవ్వులాటగా వ్రాసెను. ఇంకొక యుత్తరమున, పది సెంట్ల నాణెములు దాచుటకు చిన్న డబ్బీ యొకటి పెట్టితిననియు, అందులో నొక డాలరు అరువది సెంట్లు కూడినవనియు, వానిని ముట్టక దాచుకొని న్యూయార్కునకు టిక్కెట్టు కొనుటకు ప్రయత్నింతుననియు తెలిపెను.

ఆ వృద్ధుని పేరు జోసెఫ్ ఆలివర్. అప్పటికి పదునాలుగేండ్ల క్రిందట షికాగోనగరములో ఆయన బాకా వినుటకు జనులు విరుగబడి వచ్చుచుండిరి. 'కింగ్' ఆలివర్, అనగా రాజు ఆలివర్, అని ఆయనకు బిరుదు. ఆయన శిష్యుడగు లూయీ ఆర్మ్‌స్ట్రాంగు తరువాత ప్రపంచమంతట పేరు పొందెను. శిష్యుని పేరు వినని దేశము లేదు. గురువు పేరు సంగీతము తెలిసినవారికి మాత్రమే తెలియును. మేము ఈ నెల గురువును గూర్చి వ్రాయదలచితిమి.

జాజ్ సంగీత మనగానే మన సోదరీమణులలో కొందఱు అది క్లబ్బులలోని గంతులపాట యని పెదవి విఱతురు. అది పుట్టిన చోటు అమెరికా దక్షిణభాగమున, మిసిసిపీ నది చివర నున్న న్యూ ఆర్లియన్సు పట్టణము. అచ్చటి నల్లవారు బానిసత్వమునుండి విడుదల పొందిన పిదప రెండు మూడు తరములలో, చర్చిపాటలును, పొలములలో పనిచేయుచు పాడుకొనిన దుఃఖపుపాటలును, సైనికుల బ్యాండుమేళమును కలిపి యల్లుకొనిన సంగీత మది. అచ్చట పెండ్లికి బ్యాండు, ఊరేగింపునకు బ్యాండు, చావునకు సైతము బ్యాండు. శవమును మోసికొని పోవునపుడు విషాదముగా వాయించుచు పోయి, ఖననమైన పిమ్మట ఉల్లాసపుపాటలు వాయించుచు ఇంటిదారి పట్టుదురు. మన పెండ్లి యూరేగింపులలో బ్యాండువారు ఊదు ఇత్తడిబాకా మనకు తెలియనిది కాదు. దానికి దగ్గఱ చుట్టమైన కార్నెట్టు ఆలివర్ వాద్యము. ఇది ట్రంపెట్టుకంటె కొంచెము పొట్టి. గొంతు కొంచెము మెత్తన.

ఆయన 1881వ సంవత్సరమున (1885 అని చెప్పువారును కలరు) లూయిజియానా రాష్ట్రములో నొక పల్లెయందు పుట్టి, చిన్ననాడే న్యూ ఆర్లియన్సు చేరెను. ఒక కంటికి చూపు లేదు. ఆ కన్ను కనబడకుండ టోపీని ఒక ప్రక్కకు వంచి పెట్టుకొనుట ఆయన కలవాటు. పగలు తెల్లవారి యిండ్లలో పనిచేసెను. రాత్రులు బ్యాండులలో ఊదెను. విద్య ఆయనకు వేగముగా రాలేదందురు. ఏండ్ల తరబడి సాధనచేసి, ముప్పదియేండ్లు దాటిన తరువాతనే ఊరిలో పెద్దవిద్వాంసుడుగా పేరు తెచ్చుకొనెను. ట్రాంబోను విద్వాంసుడగు కిడ్ ఓరీ మేళములో చేరిన పిదప 'కింగ్' అను బిరుదు ఆయన పేరునకు అతుక్కొనిపోయెను.

ఆయన ప్రత్యేకత బిగ్గఱగా ఊదుట గాదు. బాకాముఖమున మూతలు పెట్టి, తీసి, సగము మూసి, స్వరమును మనుష్యకంఠమువలె పలికించుటలో నుండెను. గ్లాసు, గిన్నె, రబ్బరుమూత, టోపీ, చేతికి దొరకిన దేదైనను ఆయనకు మూతయే. పసిబిడ్డ యేడ్పును, తల్లి యోదార్పును బాకాలో పలికించి నవ్వించెడివాడట. ఆ కాలమున ఇది వట్టి వినోదముగ గనబడియుండవచ్చును. గాని తరువాత వచ్చిన బాకావాదకు లెందఱో ఈ మూతల విద్య నాయనవద్దనే గ్రహించిరి.

ఆ వీథులలోనే తండ్రి విడిచిపోయిన పేదబాలు డొకడు తిరుగుచుండెను. 1901వ సంవత్సరమున పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగే ఆ బాలుడు. ఊరేగింపు నడుచుచుండగా ఆలివర్ అలసి బాకా దించినపుడు దానిని పట్టుకొని ప్రక్కన నడచుట అతనికి మహాభాగ్యము. ఆలివర్ భార్య స్టెల్లా ఈ బాలుని అంగడికి పంపి వస్తువులు తెప్పించుకొనెడిది. దానికి బదులుగా ఆమె భర్త అతనికి పాఠము చెప్పెడివాడు. ఆమె వండిన ఎఱ్ఱచిక్కుడు గింజలును అన్నమును ఆ యింట తాను కడుపునిండ దినుచుంటినని ఆర్మ్‌స్ట్రాంగు జీవితాంతము చెప్పుకొనెను. ఒకనాడు ఆలివర్ తన పాతకార్నెట్టును ఆ బాలున కిచ్చివేసెను. గురుకులవాసమున గురుపత్ని కుండిన స్థానమును మన పురాణములు బాగుగ నెఱుగును. జాజ్ చరిత్ర వ్రాసిన పురుషులు గ్రంథములకు గ్రంథములు నింపిరిగాని, స్టెల్లా వంటయింటి కందులో రెండు పంక్తులకంటె చోటు దొరకలేదు.

1917వ సంవత్సరాంతమున న్యూ ఆర్లియన్సులో నాట్యశాలలు గల పేట నొకదానిని ప్రభుత్వము మూసివేయించెను. వాద్యగాండ్రకు పని తగ్గెను. అదే కాలమున దక్షిణదేశపు నల్లవారు వేలకొలది ఉత్తరపు నగరములకు పనులు వెదకికొని పోవుచుండిరి. ఆలివర్ 1918 ప్రాంతమున షికాగోకు తరలెను. ఓరీ మేళములో ఆయన ఖాళీచేసిన స్థానము లూయీకి లభించెను. నాలుగేండ్లు గడచినవి. 1922వ సంవత్సరము వేసవిలో ఆలివర్ తన శిష్యునకు తంతి నిచ్చెను: షికాగోకు రమ్ము, నా మేళములో రెండవ కార్నెట్టు నీది.

కొడుకు చలిదేశమునకు పోవుచున్నాడని తల్లి ఆ యాగస్టునెల యెండలో లూయీకి ఉన్ని లోదుస్తులు తొడిగించి, రొట్టెలో పెద్ద చేపముక్క పెట్టి కట్టి యిచ్చెను. నల్లవారికి దారిలో భోజనశాల లుండవు. ఉన్నను లోనికి రానీయరు. ఆ తల్లి కట్టిన పొట్లముతో నతడు రైలు దిగెను.

షికాగో దక్షిణపేటలోని లింకన్ గార్డెన్సు అను నాట్యశాలయందు ఆలివర్ మేళము వాయించుచుండెను. ఆ మేళములో క్లారినెట్టు జానీ డాడ్సు, డ్రమ్ములు అతని తమ్ముడు బేబీ డాడ్సు, ట్రాంబోను హొనొరే డ్యూట్రే, బాంజో బిల్ జాన్సను, పియానో లిల్ హార్డిను. లిల్ ఇరువది నాలుగేండ్ల యువతి. ఈమెను గూర్చి నాలుగు మాటలు చెప్పక ముందునకు సాగుట మాకు చేతగాదు.

లిల్ మెంఫిస్ పట్టణమున పుట్టి, ఫిస్క్ విశ్వవిద్యాలయమున సంగీతము చదివినది. షికాగో వచ్చిన పిదప ఒక సంగీతపుదుకాణములో అచ్చుపాటలను పియానోపై వాయించి కొనువారికి వినిపించు పని దొరకెను. జీతము వారమునకు 3 డాలర్లు. న్యూ ఆర్లియన్సునుండి వచ్చిన మేళ మొకటి పియానోవాద్యము కావలెనని అడుగగా ఆమె పోయి, ఏ పాట, ఏ శ్రుతి, స్వరపుకాగితము లేవి యని ప్రశ్నించెను. కాగితములు లేవు, రెండుమారులు తట్టుచప్పుడు కాగానే మొదలుపెట్టుమని వారు చెప్పిరి. ఆమె అటులే మొదలుపెట్టెను, కుదిరెను. నాట్యశాలలో పని యన్నచో తల్లి యొప్పుకొనదని, నాట్యము నేర్పు పాఠశాలలో వాయించుచున్నానని యింట చెప్పెను. ఆ మేళమే కొంతకాలమునకు ఆలివర్ చేతిలోనికి వచ్చినది. వాద్యవిద్యలో శాస్త్రము చదివినది ఆ మేళమందు ప్రధానముగ ఆమెయే యని తెలిసినపుడు, రికార్డులలో పియానో వెనుకనుండి తాళమును గోడవలె నిలిపిన రీతిని మనము మఱికొంత శ్రద్ధతో విందుము.

ఇక రికార్డుల మాట. 1923 ఏప్రిల్ 5, 6 తేదీలలో ఆలివర్ మేళము ఇండియానా రాష్ట్రమందలి రిచ్‌మండ్ అను చిన్న పట్టణమునకు పోయి, జెనెట్ అను రికార్డు సంస్థకు రెండుదినములలో తొమ్మిదిపాటలు వాయించెను. ఆ సంస్థ ఒక పియానోల కర్మాగారపు శాఖ. రికార్డులు తీయు గది రైలుదారి ప్రక్కన నుండెను. బండి వచ్చినపు డెల్ల పని నిలిపి, అది పోయిన పిదప మరల మొదలుపెట్టవలసి వచ్చెడిది.

అప్పటికి విద్యుచ్ఛక్తి మైకు రాలేదు. గదిలో నొక పెద్దబూర. దాని సన్ననికొనయందు పలుచనిపొర. పొర కంటుకొని సూది. సూదిక్రింద తిరుగుచుండు మైనపుబిళ్ళ. బూరలోనికి పోయిన శబ్దము పొరను కదల్చగా సూది మైనములో గీత గీయును. అంతయే యంత్రము. దగ్గఱ నిలిచినవాని ధ్వని పెద్దదిగను, దూరముగ నిలిచినవానిది చిన్నదిగను పడును. గనుక వాద్యముల పాళ్ళు సరిచేయుటకు మనుష్యులనే ముందు వెనుకలకు జరుపవలెను. పెద్దడ్రమ్ము మ్రోగినచో సూది గంతువేయును. అందుచేత బేబీ డాడ్సు తన వాద్యములలో చాలభాగము ప్రక్కకు బెట్టి చెక్కదిమ్మలపై తట్టవలసివచ్చెను. గురువు ప్రక్కన నిలుచుండి లూయీ ఊదగా ఆలివర్ బాకా వినబడనే లేదు. శిష్యుని వెనుకకు వెనుకకు నెట్టి, తుదకు గదిమూలకు, పదునైదడుగుల దూరమునకు బంపిరట. ఒంటరిగా మూల నిలిచి దిగులుగా చూచుచుండిన ఆ మొగము తన కెన్నటికి మఱపురాదని లిల్ తరువాత చెప్పెను. గురువునకు తోడుగ నుండదగినది తానే యని లూయీ నమ్మకము. దూరముగ నిలువుమన్నచో అది తన తప్పేమో యని భయము. లిల్‌కు మాత్రము ఆ దూరము వేఱు విధముగ నర్థమయ్యెను: ఇతని బలము అంత గొప్పది.

ఆ తొమ్మిదింటిలో 'డిప్పర్ మౌత్ బ్లూస్' అను పాట ముఖ్యమైనది. అందులో ఆలివర్ మూతతో ఊదిన భాగము మూడు చుట్ల పొడవు. మేము దానిని పలుమారులు వింటిమి. స్వరములు ఎక్కువ లేవు. నాలుగైదు స్వరములనే తిప్పి తిప్పి పలుకును. ఒక్కొక్క మాఱు మూత తీయుటలో ఆలస్యము, ఒక్కొక్క మాఱు తొందర. ఒకే మాటను బ్రతిమాలుచు, గద్దించుచు, నవ్వుచు మూడువిధముల చెప్పినటు లుండును. ఆ పాటలో డ్రమ్ములవాడు తన వంతు మఱచిపోగా బాంజోవాడు గట్టిగా కేకవేసి ఆ ఖాళీని నింపెనని చెప్పుదురు. ఆ కేక కూడ పాటలో భాగమై, తరువాత ఆ పాట వాయించిన మేళములన్నియు దానిని విడువక వేయుచు వచ్చినవి. ఆ మూడు చుట్లను బాకా నేర్చువారు స్వరముస్వరము వల్లించిరి. 1925లో న్యూయార్కున ఫ్లెచర్ హెండర్సన్ మేళము అదే పాటను 'షుగర్ ఫుట్ స్టాంప్' అను పేర రికార్డు చేయగా, అందు ఆ భాగము ఊదినవాడు లూయీయే. గురువు పాఠమునే యప్పగించెను.

'చైమ్సు బ్లూస్' అను మఱియొక పాటలో, రికార్డుపై లూయీ తొలిసారిగా ఒంటరిగా వాయించిన భాగము కలదు. మూలనుండి వచ్చుచున్న ధ్వని యైనను స్పష్టముగ, గట్టిగ వినబడును.

అయినను ఆ మేళము గొప్ప ఒంటరివాద్యములలో లేదని మా యభిప్రాయము. రెండు కార్నెట్టులు, క్లారినెట్టు, ట్రాంబోను నాలుగును ఏకకాలమున వేఱువేఱు బాటల నడచును. ఒకటి మఱొకదాని కాలు త్రొక్కదు. ఇంటినిండ జనమున్న పండుగనాడు వంటయింట నలుగురాడువారు ఒకరి కొకరు తగులకుండ తిరుగుట చూచినవారి కిది సులభముగ బోధపడును. ఆ నలువురి నడుమ ఆలివర్ తానే రాజైనను, ఎక్కువ మాటలాడడు. పాటను నడపించును, ఎదుటివారికి చోటు విడుచును. నడుమ నడుమ తాళమంతయు క్షణకాలము నిలిచిపోగా గురుశిష్యు లిరువురే జంటగా పలికెడివారు. ముందుగ వ్రాసికొనినది గాదు, అయినను ఒక్క నోటినుండి వచ్చినటు లుండెడిది. ఇది యెట్లు సాధ్యమని వినవచ్చిన వాద్యగాండ్రు తలపట్టుకొనిరట. రాబోవు పలుకును గురువు మెల్లగ సూచించెడివాడు. శిష్యుడు దానికి తగిన రెండవస్వరమును అప్పుడే యమర్చెడివాడు.

ఆ యొక్క సంవత్సరములో ఆ మేళము జెనెట్, ఓకే, కొలంబియా, పారమౌంటు సంస్థలకు ముప్పదికి పైగా పాటలు వాయించెను. ఒక్కొక్కటి మూడు నిమిషములే. మన గాయకులును ఆ దినములలో గ్రామఫోనుకొఱకు రాగాలాపనను కుదించి మూడు నిమిషముల ప్లేటులో పట్టించినవారే గనుక, నాట్యశాలలో అరగంట సాగు పాటను అంతలో ముగించుట యెంత కష్టమో మనము ఊహింపగలము. ఆ రికార్డులలో ఒకటి, 'జూలూస్ బాల్' అనునది, లోకమంతటను ఒకే యొక ప్రతి మిగిలినదని చెప్పుదురు.

ఇంత చక్కని మేళము రెండేండ్లు నిలువలేదు. కారణము డబ్బు. రికార్డులపై వచ్చిన రాబడి చెక్కులను ఆలివర్ చూపలేదని డాడ్సు సోదరులు తగవుపడి విడిపోయిరి. ఆలివర్‌ను దేవుని జేయుట మా యుద్దేశము గాదు; మేళము నడపు యజమానిగ ఆయన చేయి గట్టిది, అనుమానము ఎక్కువ. శిష్యుడు తన్ను మించెనని ఆయనకు తెలియకపోలేదు. లూయీ తనకంటె బాగుగ ఊదగలడనియు, తన ప్రక్కన నున్నంతకాలము మాత్రము తానే రాజుననియు లిల్‌తో ఆయన యొకమారు చెప్పెను. ఆ మాట ఆమె మనస్సున నాటుకొనెను.

లూయీ వచ్చిన క్రొత్తలో అతని దుస్తులను, జుట్టును చూచి ఆమె ముక్కు విఱిచినది. పిదప తానే అంగడికి తీసికొనిపోయి మంచిబట్టలు కొనిపించినది. 1924 ఫిబ్రవరిలో ఇరువురు వివాహమాడిరి. రెండవ బాకావాని భార్యగా నుండుట కొఱకు తాను పెండ్లాడలేదని ఆమె భర్తతో స్పష్టముగ చెప్పెను. గురువును విడుచుట లూయీకి ప్రాణసంకటము. అయినను ఆ వేసవిలో విడిచెను. పతిని గురువునుండి విడదీసిన దని ఆమెను నిందించినవారు కలరు. ఆమె పట్టుపట్టనిచో లూయీ యెన్నాళ్ళు ఆ మూలయందే నిలిచియుండునో యని మాత్రము మాకు తోచును. వారి దాంపత్యము నిలువలేదుగాని స్నేహము చెడలేదు. 1971 జూలైలో లూయీ మరణించగా, ఆగస్టునెలలో షికాగోలో జరిగిన స్మారకసభయందు పియానో వాయించుచునే లిల్ కుప్పగూలి ప్రాణములు విడిచెను.

ఆలివర్ క్రొత్తమేళము కూర్చుకొనెను. 1926లో చేసిన 'స్నాగ్ ఇట్' వంటి రికార్డులు బాగుగ నమ్ముడుపోయినవి. 1927లో న్యూయార్కు చేరినపుడు కాటన్ క్లబ్బు అను పేరొందిన స్థలమువారు ఆయనను పిలువగా, ఇచ్చెద మన్న సొమ్ము చాలదని నిరాకరించెను. ఆ స్థానమున ఆ డిసెంబరులో డ్యూక్ ఎల్లింగ్‌టన్ అను యువకుడు ప్రవేశించెను. అచ్చటినుండి రేడియోలో ప్రసారమైన వాద్యముచే అతడు దేశమంతట ప్రసిద్ధుడయ్యెను. ఒక్క నిరాకరణము జీవితమును త్రిప్పివేసినదని చరిత్రకారు లందురు. కొంతవఱకు నిజమే, కాని అంతకంటె పెద్ద శత్రువు ఆయన నోటిలోనే యుండెను.

చిన్ననాటినుండి ఆలివర్‌కు రొట్టెముక్కల నడుమ పంచదార నింపి తినుట ప్రాణము. పెద్దవాడై, డబ్బు గడించిన పిదపను ఆ యలవాటు పోలేదు. పండ్లు చెడినవి, చిగుళ్ళకు పయోరియా పట్టెను. పంచదార పండ్లకు చేటనియు, పంటిపాచి నిలిచిపోవుట చిగుళ్ళ వ్యాధికి మూలమనియు ఇంటింటి తల్లులకు తెలిసినదే. ఇతరు లెవరైనచో గట్టిపదార్థములు మాని కాలము గడపవచ్చును. బాకావాని కట్లు గాదు. బాకాముఖమును పెదవులకు గట్టిగ నొత్తి ఊదవలెను. ఆ యొత్తిడిని వెనుకనుండి మోయునవి ముందుపండ్లే. 1929 మొదలు ఆయన పేర వెలువడిన రికార్డులలో పెక్కింట బాకా ఊదినవారు ఇతరులు. మేళము ముందు నిలిచి నడపించినవాడు మాత్రము ఆయన. 1931తో రికార్డులే ముగిసినవి.

అంతకు ముందు 1928లో ఆయన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' అను పాటను కూర్చెను. తానును రికార్డు చేసెను. ఆ సంవత్సరము జూన్ 28వ తేదీన లూయీయు చేసెను. లూయీ రికార్డు ఆరంభమున బాకా యొక్కటే, తాళము లేక, మెట్లెక్కి దిగినటులు పలుకు భాగము జాజ్ చరిత్రలో అన్నిటికంటె కొనియాడబడినది. ఆ పాట గురువుగారిదని ప్లేటుపై చిన్న యక్షరములలో నుండును.

అమెరికా బ్యాంకులు కూలినప్పుడు షికాగోలో ఆయన దాచుకొనిన సొమ్మును నీటిపాలయ్యెను. ఆ పిదప దక్షిణదేశపు ఊళ్ళలో పాతబస్సులో మేళమును వేసికొని తిరిగెను. బస్సు చెడిపోవుట, ఆట యేర్పరచినవారు డబ్బీయక తప్పించుకొనుట, వాద్యగాండ్రు ఒక్కొక్కరే వెడలిపోవుట. ఆ యేడెనిమిదేండ్లను వర్ణించుటకు మాకు మనసొప్పదు. తుదకు సవానాలో కాలు నిలిచెను. ప్రయాణమున ఆ పట్టణమునకు వచ్చిన లూయీ, వీథిప్రక్క చిన్నయంగడిలో టమాటోలును ఉర్లగడ్డలును అమ్ముచున్న గురువును చూచి గుర్తించెను. లూయీయు, అతని మేళములోని పాతమిత్రులును తమ జేబులలో నున్నది తీసి యిచ్చిరి. ఆ రాత్రి లూయీ వాయించుచుండగా, తెరప్రక్కన, మంచిదుస్తులు తొడుగుకొని, టోపీ వంచి పెట్టుకొని, రాజువలె ఆలివర్ నిలిచియుండుట చూచితినని అతడు తరువాత వ్రాసెను. ఆ పిదప ఆ సొమ్ము నెన్నాళ్ళు సరిపెట్టుకొనెనో! ఆటశాలలో ఊడ్చు పని వచ్చెను.

సోదరి విక్టోరియా డేవిస్‌కు ఆయన వ్రాసిన ఉత్తరములు ఆ కాలమువి. రక్తపుపోటు హెచ్చెననియు, గుండె సరిగ లేదనియు, చికిత్సకు సొమ్ము లేదనియు వ్రాసెను. ఎవరిని దూషింపలేదు. శిష్యుని గూర్చి కాని, తన పాటలతో ఇతరులు గడించినదానిని గూర్చి కాని ఒక చెడుమాట లేదు. తన కింకను ఒక యవకాశ మున్నదను తలపు ఎన్నడును విడువలేదని వ్రాసెను. పండ్లు లేని బాకావానికి ఏమి యవకాశము? అయినను డబ్బీలో పది సెంట్ల నాణెములు పడుచునే యుండెను.

టిక్కెట్టు సొమ్ము కూడలేదు. 1938 ఏప్రిల్‌లో ఆయన సవానాలో మరణించెను. పరస్థలమున పేదవాడై చచ్చినవానిని అచ్చటనే పూడ్చివేయుట సామాన్యము. విక్టోరియా డేవిస్ ధనికురాలు గాదు. ఇంటియద్దెకై దాచిన సొమ్ము తీసి, సోదరుని శవమును న్యూయార్కునకు తెప్పించి, బ్రాంక్సుపేటలోని వుడ్‌లాన్ శ్మశానమున ఖననము చేయించెను. లూయీయు మఱికొందఱు పాతమిత్రులును వచ్చిరి. ఆ నెల అద్దె ఆమె యేమి చేసెనో చరిత్ర చెప్పదు. సోదరు డడిగిన టిక్కెట్టు సోదరి కొన్నది.

మఱుసటియేట, 1939లో, 'జాజ్‌మెన్' అను గ్రంథములో ఆ యుత్తరములలో కొన్ని యచ్చయ్యెను. వానిని చదివినవారు పాతరికార్డులను వెదకుట కారంభించిరి. జెనెట్ ప్లేట్లు అప్పటికే అటకలపైకి, చెత్తకుప్పలపైకి చేరియుండెను. ఏఱి తెచ్చిన ప్లేట్లనుండి మరల మరల ప్రతులు తీయబడినవి. నేడు వినగోరువారికి అటకలు వెదకు శ్రమ లేదు. చేతిలోని ఫోనులోనే ఆ 1923 నాటి తొమ్మిదిపాటలును దొరకును. మొదట గరగరయే వినబడును. ఒకటి రెండు మారులు ఓపికతో విన్నచో గరగర వెనుకకు పోయి వాద్యములు ముందునకు వచ్చును. ముందుగ 'డిప్పర్ మౌత్ బ్లూస్' వినుడు. దానిలో మూతతో పలుకుచున్నది ఆలివర్. రెండవమాఱు వినునపుడు చెవిని కొంచెము దూరమునకు, గదిమూలకు పంపుడు. అచ్చట, గురువు గొంతును మించకుండ, తన బలమునంతయు బిగపట్టుకొని ఊదుచున్న యువకుడును వినబడును.